మా వదిన విప్పిన కుట్టు

నాకు ముక్కు మీదే కోపం. ఆ సంగతి తెలిసి కూడా నన్ను తీసుకెళ్ళి ఫోను దగ్గర కూర్చోబెట్టారంటే మా సూపర్వైజరు తెలివిని మెచ్చుకోవాలి. పదకొండేళ్ళుగా అక్కడే కూర్చున్నాను. అయితే చెప్పబోయేది నా గురించి కాదు. నా వెనక, కిటికీ పక్క బల్ల దగ్గర ఇరవై మూడేళ్ళుగా కూర్చున్న మా వదిన గురించి. చెప్పేది నేను కాబట్టి మధ్యమధ్యలో నా గోల కూడా తప్పదు, సర్దుకోండి.

మా కంపెనీ కొండలెక్కేవాళ్ళకీ, అడవుల్లో తిరిగేవాళ్ళకీ, పడవల మీద వెళ్ళేవాళ్ళకీ బట్టలు తయారుచేస్తుంది. వానకోట్లు, చలికోట్లు, గుడారాలు, వీపు సంచులు. కుట్టే ఫ్యాక్టరీ వేరేచోట ఉంది. మాది బాగుచేసే విభాగం. లోపల మా గుర్తు ఉంటే చాలు, ఎన్నేళ్ళ కిందట కొన్నదైనా, ఎవరు కొన్నదైనా, పంపితే బాగుచేసి తిరిగి పంపుతాం. 'ఈ బట్ట బతికున్నంత కాలం బాధ్యత మాది' అని ప్రతి కోటు లోపలా అచ్చేసి ఉంటుంది. ఒక పెద్దాయన ఫోన్ చేసి, "బట్ట బతికున్నంత కాలమా, నేను బతికున్నంత కాలమా? ముందు అది తేల్చండి," అని నిలదీశాడు. బట్టేనండీ అన్నాను. "అయితే మా మనవడికి రాసిచ్చేస్తా," అని నవ్వుతూ పెట్టేశాడు. అందరూ అలాంటివాళ్ళే అయితే నేను కూడా శాంతమూర్తినే.

పార్సిలు రాగానే విప్పి, నంబరు గుడ్డ కట్టి, ఒక ఫొటో తీస్తారు. అక్కణ్ణించి ఉతికే గదిలోకి వెళుతుంది. ఆ గదికి పెద్ద నురగ మామయ్య. ఆయన మోచేతుల మీద ఎప్పుడూ ఎంతోకొంత సబ్బునురగ ఉంటుంది కాబట్టి ఆ పేరు. ఉతికి ఆరేశాక బల్లల మీదికి వస్తాయి. పెద్ద చిరుగులు, మంట తగిలి కాలిన కన్నాలు, కుక్క పీకేసిన కోటు చేతులు, ముళ్ళకంచెలో పడి పీలికలైనవి, ఇవన్నీ మా వదిన వంతు. అక్కడ ఆవిణ్ణి అందరూ డాక్టరమ్మ అంటారు.

వదిన ముందు కోటుని కిటికీకి అడ్డంగా పట్టుకుని వెలుతురులో చూస్తుంది. దారం రంగు కూడా అక్కడే ఎంచుతుంది. ట్యూబులైటు కింద దారం ఎంచేవాళ్ళని చూస్తే ఆవిడకి ఒళ్ళు మంట. లోపలి నుంచి అతుకు వేసి, కుట్టు కన్నాల్లోంచి నీళ్ళు దిగకుండా పైన ఒక సన్నటి పట్టీ పెట్టి, వేడి ఇస్త్రీతో అంటిస్తుంది. అయ్యాక నా బల్ల మీద పడేసి, "ఎక్కడ చిరిగిందో చెప్పు చూద్దాం," అంటుంది. నేను అటూ ఇటూ తిప్పి, బోర్లించి, చివరికి ఏదో ఒకచోట వేలు పెడతాను. ఎప్పుడూ తప్పే. ఆవిడ ముఖం వెలిగిపోతుంది. "మన చెయ్యి పడినట్టు తెలిస్తే ఇంక మనమెందుకే?" అంటుంది.

ఇంకో అలవాటు కూడా ఉంది. చీటీలో రాసిన పని ఒక్కటే చేసి ఊరుకోదు. జిప్పు కోసం వచ్చిన కోటుకి గుండీ వదులుగా ఉంటే బిగిస్తుంది. టోపీ నాడా చివర పీచులు లేస్తే సరిచేస్తుంది. "అడగనివన్నీ ఎందుకమ్మా?" అని సూపర్వైజరు సణుగుతాడు గానీ, జనం మురిసిపోయి రాసిన ఉత్తరాలన్నీ గోడకి అంటించేది కూడా ఆయనే.

మా అన్నయ్య ఆ కంపెనీకే వ్యాను నడిపేవాడు. పార్సిళ్ళు దించడానికి వచ్చి, అవసరం లేకపోయినా కిటికీ పక్కనుంచి నాలుగుసార్లు తిరిగి, ఆఖరికి పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళకి పిల్లల్లేరు. రెండు వీధుల అవతల ఉండే నేనే వాళ్ళకి పిల్లనీ, పేచీనీ.

అన్నయ్యకి ఒక పిచ్చి ఉండేది. ఇంట్లో ఏది చిరిగినా తనే కుట్టేవాడు. "పొద్దస్తమానం ఊరందరి చిరుగులూ కుట్టి వస్తావు. ఇంటికొచ్చాక కూడానా? నువ్వు కూర్చో," అనేవాడు. ప్రేమ సరే, కుట్టడం రావాలి కదా మహానుభావుడికి! ఒక కుట్టుకీ పక్క కుట్టుకీ మాటల్లేనట్టు తలోవైపు చూస్తుండేవి. తెల్ల చొక్కాకి నల్ల దారం. వదిన చూసిన మరుక్షణం, "డాక్టరు మొగుడు నాటువైద్యం చేయించుకున్నట్టుంది! నా పరువు తియ్యడానికి కాకపోతే ఏమిటిది?" అని అక్కడికక్కడే విప్పేసి మళ్ళీ కుట్టేది. ఆయన పడీపడీ నవ్వేవాడు. మర్నాడు ఇంకోటి కుట్టేవాడు. పద్దెనిమిదేళ్ళు వాళ్ళ కాపురం ఇలాగే సాగింది.

నాలుగేళ్ళ కిందట ఒక మధ్యాహ్నం అన్నయ్య వ్యాను తెచ్చి గోడౌను ముందు ఆపాడు. ఇంజను ఆపాడు. దిగలేదు. గుండె అన్నారు.

పన్నెండో రోజున వదిన వచ్చి తన బల్ల దగ్గర కూర్చుంది. ఏడుస్తుందని ఎదురుచూశాను. ఏడవలేదు. దారం తీసుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. నాకు ఎంత కోపం వచ్చిందంటే, వారం రోజులు ఆవిడతో సరిగ్గా మాట్లాడలేదు. ఇంత రాతిగుండె ఏమిటి అనుకున్నాను. అనుకున్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను.

పోయినేడాది వానలు ఇంకా మొదలవకముందు ఒక మట్టిరంగు కోటు వచ్చింది. పాతది, మగవాళ్ళ కొలత. చీటీలో 'జిప్పు పట్టడం లేదు' అని ఒక్క ముక్క రాసుంది. వదిన జిప్పు మార్చింది. తర్వాత కుడి మోచెయ్యి చూసింది. ఎవరో గోతాలు కుట్టే లావు నీలం దారంతో జానెడు చిరుగుని కలిపి కుట్టేశారు. ఒక కుట్టు పొడుగు, ఒకటి పొట్టి, ఒకచోట ఒకదాని మీద ఒకటి.

"పాపం, ఎన్నేళ్ళ నుంచి ఈ మోచెయ్యి తడుస్తోందో!" అంటూ ఆ నీలం దారమంతా విప్పేసింది. అతుకు వేసింది, పట్టీ అంటించింది. కోటు నా బల్ల మీదికి వచ్చింది. నేను ఎప్పటిలాగే తప్పు చోట వేలు పెట్టాను. పార్సిల్లో పెట్టే చీటీ మీద, 'మోచేతి దగ్గరి పాత కుట్టు కూడా సరిచేశాం' అని గొప్పగా రాసింది కూడా నేనే. కాబట్టి ఈ పాపంలో నాకూ వాటా ఉంది.

పది రోజులకి ఫోన్ వచ్చింది. ఆడమనిషి, మామూలు గొంతే.

"కోటు అందిందండీ. జిప్పు బాగుంది. మోచేతి దగ్గర కుట్టు ఏమైంది?"

"అదీ బాగుచేశామండీ! ఇంక చుక్క నీరు దిగదు," అన్నాను హుషారుగా.

అవతల కోటు తిరగేస్తున్న చప్పుడు వినిపించింది.

"అది మా నాన్న కుట్టిందండీ," అంది.

నా బల్ల మీద అట్టముక్కకి అంటించిన క్షమాపణ వాక్యాలు కొన్ని ఉంటాయి. మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం, అదీ ఇదీ. ఒకటి చదివాను. చదువుతుంటే నాకే అసహ్యం వేసింది. ఆవిడ తిడితే బాగుండేది. తిట్టేవాళ్ళతో నేను వేగగలను, ఆ విద్య నాకు వచ్చు. ఆవిడ తిట్టలేదు. "నేను జిప్పే కదండీ అడిగాను," అని మాత్రం అంది. రెండుసార్లు అంది.

సూపర్వైజరు పరుగున వచ్చి, కొత్త కోటు పంపిస్తామని చెప్పమని సైగ చేశాడు. చెప్పాను. "కొత్తది నాకెందుకండీ?" అంది ఆవిడ. అప్పటికే వదిన నా వెనక నిలబడి ఉంది. ఇరవై మూడేళ్ళలో ఎప్పుడూ ఫోన్ ముట్టుకోని మనిషి, నా చేతిలోంచి తీసుకుంది.

"అమ్మా, విప్పింది నేనే. నాదే తప్పు. కోటు ఒక్కసారి తీసుకురా తల్లీ. నీ ముందే కూర్చుని చేస్తాను. వద్దంటే ముట్టుకోను."

"ఏం చేస్తారండీ ఇంక? ఆయన లేడు కదా," అనడం నాకు కూడా వినిపించింది.

"తెలియదమ్మా. నువ్వు రా."

ఆవిడ నాలుగు రోజుల్లో వస్తానంది. వదిన ఫోన్ పెట్టేసి నేరుగా చెత్త గోతాల దగ్గరికి నడిచింది. కత్తిరింపులు, విప్పిన దారాలు గోతాల్లో వేస్తాం. నెలకోసారి పరుపులు కుట్టే ఆయన వచ్చి తీసుకెళతాడు. మా అదృష్టం బాగుండి ఆ నెల ఆయన ఇంకా రాలేదు. ఆరు గోతాలు. నురగ మామయ్య ఉతికే గది నేలంతా తుడిచి ఆరబెట్టి, ఒక్కో గోతం బోర్లించాడు. రెండు మధ్యాహ్నాలు ముగ్గురం గొంతుక్కూర్చుని ఆ రంగురంగుల చిక్కులో ఒక్క నీలం దారం కోసం వెతికాం. "ఈ వయసులో నాకు ఈ మోకాళ్ళ పని ఏమిటి డాక్టరమ్మా?" అని మామయ్య గొణుగుతూనే అందరికంటే ఎక్కువ వెతికాడు. ఏడు ముక్కలు దొరికాయి. ఏళ్ళ తరబడి కుట్టులో ఉన్న దారం కాబట్టి, వంకర తిరిగిన చోటల్లా ఆ వంకర అలాగే నిలిచిపోయింది. వదిన ఆ ముక్కల్ని తెల్లకాగితం మీద పరిచి, ఏది ఏ కుట్టుదో వచ్చినప్పుడు తీసిన ఫొటోతో పోల్చుకుంటూ కూర్చుంది.

కోటు మనిషి వచ్చింది. ముప్ఫై దాటి ఉంటాయి, ఖాకీ బట్టలు. అడవిలో కాపలా ఉద్యోగం. అంతకుముందు ఆ ఉద్యోగం, ఆ కోటు రెండూ వాళ్ళ నాన్నవి. కోటుని ఒళ్ళో పెట్టుకుని స్టూలు మీద కూర్చుంది. ఇమ్మంటే వెంటనే ఇవ్వలేదు. వదిన కూడా తొందరపెట్టలేదు.

చేతికొచ్చాక వదిన ఇస్త్రీతో వేడిచేసి లోపలి పట్టీ ఊడదీసింది, అతుకు విప్పింది. కిటికీకి అడ్డంగా పట్టుకుంది. నూలుబట్టలా కాదు, ఈ బట్టలో ఒకసారి సూది దిగితే కన్నం మళ్ళీ పూడదు. మోచేతి దగ్గర, వదిన సూది వేసిన సన్నటి చుక్కల మధ్య, లావు సూది వేసిన వెలుతురు చుక్కలు విడిగా కనిపించాయి. ముప్ఫై నాలుగు.

"మీ నాన్నది ఎడమచేతి వాటమా అమ్మా?" అంది వదిన.

ఆవిడ ఉలిక్కిపడింది. "అవునండీ. మీకెలా తెలుసు?"

"సూది ఇటునుంచి అటు వెళ్ళింది. ఇదిగో, ఇక్కడ రెండుసార్లు ఒకేచోట దింపాడు. కనబడలేదేమో."

"కళ్ళజోడుకి ఒక కాడ విరిగిపోయిందండీ," అంది ఆవిడ. "చేత్తో పట్టుకుని చూసేవాడు. కుట్టేటప్పుడు రెండు చేతులూ కావాలి కదా, జారిపోతుండేది. నన్ను పట్టుకోమన్నాడు. నేను నవ్వుతూ కదిపేశాను." ఆ మాట అనేసి ముఖం తిప్పుకుంది.

వదిన లావు సూదిలో మొదటి ముక్క ఎక్కించి, మొదటి కన్నంలో దింపింది. కుట్టుకీ కుట్టుకీ ఫొటో చూస్తూ, వంకరని వంకరగానే వేస్తూ పోయింది. చక్కగా కుట్టడం కంటే అది ఎంత కష్టమో ఆవిడ నుదుటి చెమట చూస్తే తెలిసింది. చెయ్యి తిన్నగా పోబోతుంది, ఆవిడ ఆపుతుంది. ఆఖరి నాలుగు కన్నాల దగ్గర దారం అయిపోయింది.

"ఇదే నీలం నా దగ్గర ఉంది," అంది వదిన. "వెయ్యమంటే వేస్తాను. కానీ అది నేను వేసినట్టు, ఆయన వేసినట్టు కాదు."

"వద్దండీ. ఖాళీగానే ఉండనీండి."

"నీళ్ళు దిగుతాయి మరి."

"దిగనీండి. ఆయనకీ ఆ మోచెయ్యి తడిసేది, నాకూ తడుస్తుంది," అని కోటు తొడుక్కుంది. బయట ఎండ మాడ్చేస్తోంది. అయినా విప్పకుండా, ఎడమ అరచెయ్యి కుడి మోచేతి మీద పెట్టుకుని మెట్లు దిగి వెళ్ళిపోయింది.

"అమ్మయ్య, గండం గడిచింది వదినా," అన్నాను. వదిన ఖాళీ కాగితం వంక చూస్తోంది.

"ముక్కూ ముఖం తెలియని మనిషి," అంది. "ఎడమచెయ్యని తెలిసిపోయింది. ఎక్కడ తొందరపడ్డాడో, ఎక్కడ ఆగాడో తెలిసిపోయింది. మీ అన్నయ్య కుట్టు ఎలా మొదలుపెట్టేవాడే? ముడి లోపల వేసేవాడా, పైనా?"

"లోపలే అయుంటుంది."

"అయుంటుంది కాదే. తెలుసా నీకు?"

నాకు తెలియదు.

ఆ ఆదివారం వాళ్ళింటికి వెళితే ముందుగదిలో అడుగు పెట్టడానికి చోటు లేదు. అన్నయ్య చొక్కాలు, లుంగీలు, దిండు గలీబులు, కర్టెన్లు, కూరగాయల సంచులు, అన్నీ నేల మీద పరిచి ఉన్నాయి. వదిన మధ్యలో కూర్చుని ఒక్కోదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి చూస్తోంది. ప్రతి కుట్టూ సన్నగా, తిన్నగా, ఎక్కడా వంక లేకుండా ఉంది. అన్నీ ఆవిడవే.

"కన్నాలైనా ఉంటాయేమో అని చూస్తున్నా," అంది. "నూలుబట్టలు కదా, నాలుగు ఉతుకులకి పూడిపోయాయి. ఒక్కటి మిగల్చలేదే నేను. ఒక్కటంటే ఒక్కటి."

"పోనీలే వదినా, అన్నయ్య ఫొటోలున్నాయి కదా," అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో అనగానే తెలిసింది.

"ఫొటోలు నాకెందుకే?" అని అరిచింది. ఆవిడ అరవడం నేను ఎన్నడూ వినలేదు. "నాకు ఆయన కావాలి. కుట్టి చూపించి నవ్వేవాడే, ఆ మనిషి కావాలి నాకు. అన్నీ నా చేతులతో నేనే తుడిచేశాను. ఆ పిచ్చి కుట్టు ఒక్కటి చేతికి తగిలితే చాలు, ఇంకేమీ అడగను." చొక్కాలో ముఖం దాచుకుని ఏడ్చింది. నాలుగేళ్ళ ఏడుపు. నేను పక్కన కూర్చుని ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయాను.

నిమురుతూ, నోరు విప్పలేదు. ఎందుకంటే ఒకటుంది. నా దగ్గర.

నేను ఈ ఉద్యోగంలో చేరిన రోజు అన్నయ్యే వ్యానులో తీసుకెళ్ళాడు. దిగేటప్పుడు తలుపు గొళ్ళేనికి పట్టుకుని నా పసుప్పచ్చ వానకోటు భుజం దగ్గర పర్రుమంది. చిరిగిన కోటుతో బాగుచేసే ఆఫీసులోకి ఎలా వెళ్ళనని ఏడుపు ముఖం పెట్టాను. అన్నయ్య పార్సిళ్ళ దబ్బనం తీసి, నల్ల దారంతో, నా ఒంటి మీద ఉండగానే కుట్టేశాడు. లోపలికి వెళ్ళగానే వదిన కళ్ళు ఆ భుజం మీదే పడ్డాయి. ఇలా ఇవ్వమంది. "తర్వాత ఇస్తాలే," అన్నాను. ఇవ్వలేదు. అన్నింటినీ సరిచేసే ఆవిడ బుద్ధి మీద ఒళ్ళుమండి, పంతానికి పెట్టెలో దాచాను. అన్నయ్య పోయాక ఆ పంతం కాస్తా వేరేదైపోయింది. ఎవరూ లేనప్పుడు తీసి, ఆ భుజం మీద చెయ్యి వేసుకుంటాను.

వదిన చేతికిస్తే విప్పేస్తుందని నాకు నేను చెప్పుకునేదాన్ని. అదంతా సాకు. ఆయన నాకు కూడా అన్నయ్యే. అది నాకు కావాలి. వారం రోజులు ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాను, ఫోన్లో ఇద్దర్ని కసిరాను. ఎనిమిదో రోజున కోటు సంచిలో పెట్టుకుని వదిన ఇంటికి వెళ్ళి, ముఖం చూడకుండా ఒళ్ళో పెట్టాను.

వదిన కోటు తిరగేస్తూ, భుజం దగ్గరికి రాగానే ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. చూపుడువేలు ఆ నల్ల దారం మీద మెల్లగా నడిచింది.

"ముడి పైనే వేశాడు," అంది. "ఇక్కడ చేతికి గుచ్చుకుందేమో, ఆగాడు. ఇక్కణ్ణించి ఒకటే తొందర."

"టైమైపోతోందని నేనే తొందరపెట్టాను వదినా."

"ఎంత ఘోరంగా కుట్టాడే!" అని నవ్వింది. నవ్వుతూనే ఆ భుజాన్ని చెంపకి ఆనించుకుంది. ఎందుకు దాచావని అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో తెలియదు.

"ఉంచుకో వదినా," అన్నాను. ఆ రెండు ముక్కలు అనడానికి నా ప్రాణం పోయినంత పనైంది.

మూడు రోజులు ఉంచుకుంది. నాలుగో రోజు పొద్దున్నే ఆఫీసులో, కాగితంలో చుట్టి తెచ్చి నా బల్ల మీద పెట్టింది. నేను ముందు భుజమే చూశాను. ఆవిడ ఎదురుగా ఉండగా అలా చూసినందుకు ముఖం చెల్లలేదు గానీ, చూశాను. నల్ల కుట్టు ఎక్కడిదక్కడే ఉంది. దాని పక్కన మాత్రం తెల్లటి సుద్దగీత ఉంది. విప్పాల్సిన చోటు చుట్టూ మా బల్లల దగ్గర అందరూ గీసుకునే గుర్తే అది. సగం గీసి ఆపేసింది.

"తీసుకెళ్ళిపోవే," అంది వదిన. "నిన్న సాయంత్రం ఊరికే చూసుకుంటూ కూర్చున్నాను. సుద్దముక్క చేతిలోకి ఎప్పుడొచ్చిందో నాకే తెలియదు. నా దగ్గరుంటే ఏదో ఒకరోజు విప్పేస్తాను. నీ దగ్గరే ఉండనీ. ఎక్కడ పెట్టావో నాకు చెప్పకు."

చెప్పలేదు. ఎప్పుడైనా ఫోన్లు తెరిపిచ్చినప్పుడు వెనక నుంచి, తల ఎత్తకుండానే, "ఉందా?" అంటుంది. "ఉంది వదినా," అంటాను. ఇంకేమీ అడగదు.